పేరు అడగని పరీక్ష కావాలి

డిగ్రీ చదివే కుర్రాడికో, హాస్టల్లో ఉండే అమ్మాయికో హెచ్‌ఐవీ అనుమానం వస్తే పరీక్షకు దారి లేకపోలేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (సమగ్ర కౌన్సెలింగ్, పరీక్ష) కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. ర్యాపిడ్ కిట్ ఫలితం సాధారణంగా ఆ రోజే తెలుస్తుంది. అయినా చాలామంది గుమ్మం దాకా వెళ్లి వెనుదిరుగుతారు. ఆ గది బయట కూర్చుంటే ఊరివాళ్లెవరైనా చూస్తారేమో, రిజిస్టరులో రాయించిన పేరు, ఫోన్ నంబరు ఎవరి కంట పడతాయో అన్నదే వారి భయం.

చట్టం వారి పక్షానే ఉంది. 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలవుతున్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. కాలేజీలో చేరాలంటే పరీక్ష చేయించుకు రమ్మనడం వివక్షే. 18 ఏళ్లు నిండినవారు తల్లిదండ్రులను అడగాల్సిన పనీ లేదు. కానీ పేరు లేని పరీక్షను ఈ చట్టం ప్రస్తావించేది వ్యాధి వ్యాప్తిని అంచనా వేసే సర్వేల సందర్భంలో. లెక్కలు కావలసినప్పుడు పేరు లేకుండా రక్తం పరీక్షించడం ప్రభుత్వానికి చేతనవుతోంది. తన ఫలితం తాను తెలుసుకోవాలని వచ్చిన మనిషికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

గోప్యత ఒక హామీ. అది నిలవాలంటే కౌన్సెలరూ, టెక్నీషియనూ, రిజిస్టరు దగ్గర కూర్చున్న మనిషీ అందరూ మాట మీద నిలబడాలి. చిన్న పట్టణంలో వారిలో ఒకరు నాన్నకు తెలిసినవారే కావచ్చు. పేరే ఇవ్వకపోతే ఎవరినీ నమ్మాల్సిన అవసరం రాదు. ప్రైవేటు ల్యాబుకు వెళ్దామంటే డబ్బు కట్టాలి. పైగా అక్కడా పేరు, నంబరు అడుగుతారు.

పేరు లేని పరీక్షకు అధికారులు చెప్పే అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పేరు లేకపోతే పాజిటివ్ వచ్చినవారిని చికిత్సకు చేర్చేదెలా? హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు 2004 నుంచి ఉచితం. 2017 నుంచి వ్యాధి నిర్ధారణ కాగానే చికిత్స మొదలుపెడుతున్నారు. క్రమం తప్పకుండా మందులు వాడి, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే కొనసాగితే లైంగికంగా ఇతరులకు సోకదు. ఇంత మేలు చేసే చికిత్సకు మనిషి అందకుండా పోతే నష్టమే. అయితే తొలి కిట్‌లో రియాక్టివ్ (వైరస్ ఉండవచ్చన్న సూచన) వచ్చినంత మాత్రాన పాజిటివ్ అనరు. వేర్వేరు కిట్లతో మూడుసార్లు పరీక్షించాకే నిర్ధారిస్తారు. తొలి పరీక్షకు కోడ్ నంబరు సరిపోతుంది. నిర్ధారణ, చికిత్సల దశలో పేరు అడగవచ్చు. గుమ్మంలోనే పేరు అడిగితే వెనుదిరిగిపోయే మనిషి చికిత్సకు ఎటూ అందడు.

స్వీయ పరీక్షది కూడా ఇదే సూత్రం. చిగుళ్ల దగ్గరి ద్రవంతో ఇంట్లోనే చేసుకునే కిట్‌ను మందుల షాపుల్లో అమ్మడానికి అమెరికా 2012లో అనుమతించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్వీయ పరీక్షను సిఫారసు చేసింది. రియాక్టివ్ వస్తే కేంద్రానికి వెళ్లి నిర్ధారించుకోవాలన్న నియమం దానిలోనే ఉంది.

హెచ్‌ఐవీ మన తెలుగు రాష్ట్రాలకు దూరపు సంగతి కాదు. 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవీ దేశవ్యాప్తంగా 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 శాతం. హెచ్‌ఐవీపై అవగాహన కోసం కాలేజీల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులున్నాయి. ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1న ర్యాలీ, క్విజ్, వ్యాసరచన పోటీలతో వాటి బాధ్యత తీరిపోకూడదు. ప్రమాదం జరిగిందనుకుంటే 72 గంటల్లోపు నివారణ మందులు మొదలుపెట్టాలని, ర్యాపిడ్ పరీక్షలో నెగెటివ్ వచ్చినా మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలని, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చని ప్రతి విద్యార్థికీ తెలియాలి.

రెండు రాష్ట్రాల ఎయిడ్స్ నియంత్రణ సంస్థలు కొన్ని విశ్వవిద్యాలయ పట్టణాల్లో కోడ్ నంబరుతో తొలి పరీక్షను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాలి. ఎందరు వచ్చారు, రియాక్టివ్ వచ్చినవారిలో ఎందరు పేరు చెప్పి చికిత్సలో చేరారు అన్నది ఏడాది తర్వాత లెక్క చూడాలి. అధికారుల అభ్యంతరంలో బలమెంతో ఆ లెక్కే తేలుస్తుంది.