బుర్రలో జావ, బస్తాలో ఇప్పపువ్వు

నగరానికి కొత్తగా పరిచయమైన బలవర్థక పానీయం బస్తర్ అడవికి పాతదే. తేడా అంతా దాని లాభం ఎవరికి చేరుతుందన్న దగ్గరే.

హైదరాబాద్‌లో పొద్దున్నే అయిదు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చినవారికి ఇప్పుడు పాలు కలపని, పొయ్యి ఎక్కని పానీయం కావాలి. అరటిపండు, ఖర్జూరం, నానబెట్టిన బాదం, కాసిని గింజలు మిక్సీలో వేసి తిప్పితే స్మూతీ. నీళ్లు తగ్గించి అవే సరుకుల్ని ముద్దచేసి ఉండలు కడితే ఎనర్జీ బైట్స్. చెమటోడ్చే మనిషికి మొక్కల నుంచి వచ్చిన ఆహారమే మేలన్నది దీని వెనకున్న సిద్ధాంతం.

ఆ సిద్ధాంతాన్ని ఎవరూ చెప్పకుండానే ఆచరించిన ప్రాంతం ఒకటుంది. తెలంగాణలోని చర్ల మండలం దాటి అడవిలోకి వెళితే వచ్చే కిష్టారం. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కోంటా ప్రాంతం. వార్తల్లో ఈ పేరు వినిపించేది మందుపాతరలు పేలినప్పుడే. 2018 మార్చి 13న ఇక్కడికి సమీపంలో జరిగిన పేలుడులో తొమ్మిది మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ వార్తల్లో ఎన్నడూ కనిపించని విషయం, ఈ అడవిలో బతకాలంటే మనిషి ఎంత నడవాలన్నది. సంతకు నడక, రేషన్‌కు నడక, ఆసుపత్రికి నడక. ఇక్కడ దాన్ని వ్యాయామం అనరు.

నడిచే మనిషి భుజానికి వేలాడేది ఎండిన సొరకాయ బుర్ర. అందులో ఉండేది రాగి జావ. బస్తర్‌లో దాన్ని మండియా పేజ్ అంటారు, మన పల్లెల్లో అంబలి. రాత్రి రాగిపిండిని కుండలో నీళ్లుపోసి నానబెడతారు. తెల్లారేసరికి అది కాస్త పులుస్తుంది. మరుగుతున్న నూకల్లో ఆ పులిసిన పిండి పోసి, ఉడికిన తర్వాత నీళ్లు కలిపి పలుచన చేస్తారు. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉంటే సరే, లేకపోయినా సరే. మండే ఎండలోనూ బుర్రలోని జావ చల్లగా ఉంటుంది. ఒకే గుక్కలో నీరు, పిండిపదార్థం, లవణం మూడూ అందుతాయి.

ఇందులో శాస్త్రం లేకపోలేదు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బరువు పాలలో ఉండేదానికి ఇది రెట్టింపు పైమాటే. అయితే ధాన్యంలోని ఫైటిక్ ఆమ్లం ఖనిజాలను ఒంటికి పట్టనివ్వదు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఆ అడ్డును తగ్గిస్తాయి. అన్నీ పచ్చివే తినాలన్న నగరపు పట్టుదల ఇక్కడ చెల్లదు. రాగిపిండి పచ్చిగా తాగితే కడుపు ఊరుకోదు. దేన్ని పచ్చిగా తినాలో, దేన్ని పులియబెట్టి ఉడికించాలో ఈ అడవిలోని ఇల్లాళ్లకు తెలుసు.

పచ్చిగా తినేవాటికీ కొదవ లేదు. చలికాలంలో ఉసిరి, రేగు. ఎండలు ముదిరితే తునికి పండ్లు, సార పండ్లు, మామిడి. వెలగపండు గుజ్జులో బెల్లం వేసి నీళ్లతో పిసికితే మిక్సీ అవసరం లేని స్మూతీ. సార గింజ పగలగొడితే వచ్చే సారపప్పులో సగం దాకా నూనే. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున చెట్టు కింద రాలే ఇప్పపువ్వు ఎండితే, దాని బరువులో సగానికి పైగా చక్కెరలే. శుభ్రంచేసిన ఇప్పపువ్వును దోరగా వేయించి, నువ్వులతో కలిపి రోట్లో దంచి ఉండ చేస్తే రోజంతా పనిచేసే మనిషికి చాలినంత బలం. పువ్వు సహజంగానే తీపి కాబట్టి బెల్లం కొద్దిగా వేసినా చాలు.

ఇంత ఉన్నచోట పోషకాహార లోపం ఎందుకుంది? జవాబు వంటింట్లో దొరకదు, సంతలో దొరుకుతుంది. అడవి నుంచి బయటికి పోయేది సారపప్పు, ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు. లోపలికి వచ్చేది బియ్యం, ఉప్పు, నూనె, పంచదార. సారపప్పు ఇచ్చి ఉప్పు తీసుకున్న రోజులను బస్తర్ మరిచిపోలేదు. 2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో ఊళ్లు ఖాళీ అయ్యాయి, చాలాచోట్ల వారపు సంతలు మూతపడ్డాయి. వేలాది మంది అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చి తలదాచుకున్నారు. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ఈ పోరులో దించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పింది. కానీ వదిలి వచ్చిన రాగి చేను తీర్పుతో మళ్లీ మొలవదు.

బియ్యం సంగతీ చెప్పుకోవాలి. కేంద్రం కన్నా ముందే 2012లో ఆహార భద్రతకు చట్టం చేసిన రాష్ట్రం ఛత్తీస్‌గఢ్. చవక బియ్యం ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది, కాదనలేం. కానీ కడుపు నింపిన బియ్యమే కుండలోని రాగిని పక్కకు నెట్టింది. కోదో, కుట్కి వంటి చిరుధాన్యాలను, రాగులను మద్దతు ధరకు కొనడం ఆ రాష్ట్రం మొదలుపెట్టింది 2021లో. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైంది. రాగి నగరంలో గౌరవం సంపాదించుకునేనాటికి అది పుట్టిపెరిగిన పల్లెల్లో పేదవాడి తిండిగా చిన్నచూపుకు గురైంది.

ఈ అడవిలో 'చురుకైన జీవనశైలి' అంటే ఏమిటో తునికాకు లెక్క చెబుతుంది. 50 ఆకులు ఒక కట్ట. 1,000 కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. అంటే 50 వేల ఆకులు. వాటిని వంగి కోయాలి, ఏరాలి, కట్టలు కట్టాలి. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తా ధరను 5,500 రూపాయలకు పెంచింది. ఆ లెక్కన కూడా వంద ఆకులకు పదకొండు రూపాయలు. ఇక మిరప కోతల కాలంలో కోంటా, బీజాపూర్ పల్లెల నుంచి వందలాది కుటుంబాలు తెలంగాణ తోటలకు వస్తాయి.

అలా వచ్చిన ఒక పన్నెండేళ్ల బాలిక కథ 2020 ఏప్రిల్‌లో దేశమంతా విన్నది. లాక్‌డౌన్‌తో పని ఆగిపోయి, ములుగు జిల్లాలోని మిరప తోట నుంచి తోటివారితో కలిసి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి అడవి దారిన బయల్దేరింది. వంద కిలోమీటర్లకు పైగా నడిచి, ఊరు దగ్గరపడిందనగా ప్రాణం విడిచింది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే కారణం కావచ్చని వైద్యాధికారులు అప్పట్లో చెప్పారు. బుర్రెడు జావ ఆ పాపను బతికించేదని ఎవరూ చెప్పలేరు. కానీ నీరు, లవణం, శక్తి అనే మూడు మాటలు పానీయాల ప్రకటనల్లో కనబడ్డప్పుడల్లా అవి నిజంగా ఎవరికి కావాలో ఆ ఘటన గుర్తుచేస్తుంది.

ఇప్పపువ్వు కథ మరీ విచిత్రం. అది సారాకు ముడిసరుకన్న నెపంతో 1892లోనే బొంబాయి ప్రెసిడెన్సీలో దాని సేకరణ, నిల్వలపై ఆంక్షలు పెట్టారు. ఆహారంగా దానికున్న చరిత్రను ఆ చట్టం పట్టించుకోలేదు. 2020లో ఛత్తీస్‌గఢ్ ఎండు ఇప్పపువ్వు మద్దతు ధరను కిలోకు 30 రూపాయలు చేసింది. పచ్చిపువ్వులో అధిక భాగం నీరే కాబట్టి కిలో ఎండుపువ్వు కోసం బుట్టలకు బుట్టలు ఏరాలి. ఆ మరుసటి ఏడాది, 2021లో, ఆ రాష్ట్రంలోని కోర్బా అడవుల్లో సేకరించిన ఎండు ఇప్పపువ్వు ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్లింది.

ఫ్రాన్స్‌కు పంపాలంటే పువ్వు శుభ్రంగా ఉండాలి. నేలమీద రాలినదాన్ని ఏరితే మట్టి, ఇసుక అంటుకుంటాయి. ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులు తగలబెడితే కొన్నిసార్లు మంట అడవినే అంటుకుంటుంది. చెట్టు కింద వల కడితే ఈ రెండు బెడదలూ తీరతాయి. సారా బట్టీకి పోయే పువ్వు ఆహారం అవుతుంది, ధరా పెరుగుతుంది. తేడా ఒక్క వలది. ఆ వల కొనడానికి పెట్టుబడి ఎవరిదన్నదే చిక్కు.

చిక్కు విప్పిన చోట్లూ ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం సభ్యులు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. రక్తహీనతతో బాధపడే గిరిజన విద్యార్థులకు, గర్భిణులకు అందించడం ఆ లడ్డూ వెనకున్న ఉద్దేశం. కిష్టారానికి మరింత చేరువలో, భద్రాచలంలో, ఒకప్పుడు కూలికి వెళ్లిన మహిళలు చిరుధాన్యాల బిస్కెట్లు చేసి 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో అమ్ముతున్నారు. 2025లో ఈ రెండు ప్రయత్నాలనూ ప్రధాని తన 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. భద్రాచలం బిస్కెట్లు లండన్ దాకా వెళ్తున్నాయని సంతోషించారు.

సంతోషించదగ్గదే. కానీ ఉట్నూరు నమూనాలో ఉన్న బలం ఎగుమతిలో లేదు. అక్కడ ముడిసరుకు, తయారీ, తినే నోరు మూడూ ఒకే ప్రాంతానివి. లండన్‌లో గిరాకీ తగ్గినా ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు ఆకలి తగ్గదు. ప్రభుత్వమే కొనుగోలుదారైతే సంఘానికి నిలకడైన ఆదాయం, పిల్లలకు అలవాటైన రుచి. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం 2006లోనే చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్ని అడవి బిడ్డలకు ఇచ్చింది. కాగితంమీదున్న ఆ హక్కు వలగా, రోలుగా, పిండిమరగా, గోదాముగా మారాలి.

కిష్టారం దాకా రోడ్డు పడితే సరిపోదు. ఆ రోడ్డు మీద ముందు ఏది ప్రయాణిస్తుందన్నది ముఖ్యం. ఇప్పపువ్వు బస్తాలు బయటికి, పంచదార నీళ్ల సీసాలు లోపలికి వస్తే అడవి మరోసారి నష్టపోయినట్టే. కిష్టారంలో దంచిన ఉండ ముందు కిష్టారం బడిపిల్లల చేతికి అంది, మిగిలినది లారీ ఎక్కితే అప్పుడది అభివృద్ధి. సొరకాయ బుర్ర మ్యూజియానికి చేరకముందే ఆ పని జరగాలి.