శిశుపోషణము: గుమ్మమునొద్ద జరుగవలసిన మాట

1975 అక్టోబరు 2వ తేదీన, గాంధీ మహాత్ముని జన్మదినమున, ఈ దేశమందు 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవాపథకము ప్రారంభింపబడెను. నేడు ఆంధ్రప్రదేశమున సుమారు 55,600, తెలంగాణమున 35,700 అంగన్‌వాడీ కేంద్రములు కలవు. తపాలా కార్యాలయము లేని ఊరున్నది, వైద్యుడు లేని ఊరున్నది. అంగన్‌వాడీ లేని ఊరు అరుదు. అయినను అర్ధశతాబ్దము గడచిన పిమ్మట మన బిడ్డల స్థితి యెట్లున్నది? 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము అయిదేండ్లలోపు శిశువులలో వయస్సునకు తగిన ఎత్తు ఎదుగనివారు ఆంధ్రప్రదేశమున నూటికి 31.2, తెలంగాణమున 33.1. రక్తహీనతగల శిశువులు ఆంధ్రప్రదేశమున నూటికి 63.2 కాగా తెలంగాణమున 70. కృష్ణా గోదావరీ తీరములు దేశమునకు అన్నము పెట్టుచున్నవని గర్వముతో చెప్పుకొను మనము ఈ అంకెలను చదివి తల యెత్తుకొనజాలము.

ఇందులకు కారణము దారిద్ర్యమే యని కొందరందురు; సరకులు దారిలో మాయమగుచున్నవని మరికొందరందురు. రెండింటిలోను నిజమున్నది. కాని నూటికి డెబ్బదిమంది బిడ్డలకు రక్తము చాలలేదన్నచో, ఆ డెబ్బదిమందియు కూలివాని గుడిసెలోనివారే కాజాలరు. పెంకుటిండ్లలోను మేడలలోను వారు కలరు. ఇంకొక అంకె ఉన్నది. ఆరు మాసములు మొదలు రెండేండ్ల వరకు గల శిశువులలో చాలినంత ఆహారము, తగిన వైవిధ్యముతో పొందుచున్నవారు దేశము మొత్తమున నూటికి 11.3 మాత్రమే యని అదే సర్వే తేల్చినది. తక్కిన ఎనుబదితొమ్మిదిండ్లలోను బియ్యము నిండుకొన్నదని నమ్మువారెవరు? 2013 ఆహారభద్రతా చట్టము అంగన్‌వాడీ శిశువునకు దినమునకు 500 కెలొరీల శక్తిని, 12 మొదలు 15 గ్రాముల మాంసకృత్తులను హక్కుగా నిర్ణయించినది. తక్కువయో, ఎక్కువయో, అన్నము కేంద్రమునకు చేరుచున్నది. ఆ అన్నమును గూర్చి బిడ్డ తల్లిదండ్రులతో జరుగవలసిన మాట మాత్రము జరుగుటలేదు. మా ఫిర్యాదు దానిని గూర్చియే.

ఏ ఊరికేగినను కనబడు దృశ్యము నొకదానిని చెప్పెదము. మూడేండ్ల బాలుడు ఉదయమున ఇంట ఒక గ్లాసుడు తేనీరు, నాలుగు బిస్కత్తులు తిని వచ్చును. దారిలో తాత కొనియిచ్చిన అయిదు రూపాయల చిప్సు పొట్లము చేత నుండును. పదకొండు గంటలకు వానికి చిరాకు పుట్టును. ప్రక్కబిడ్డను కొట్టును, కొరుకును. మధ్యాహ్నము పప్పన్నము, గ్రుడ్డు పెట్టినచో ముఖము త్రిప్పుకొనును. సాయంకాలము తల్లి రాగానే టీచరు, "మీవాడు ముద్ద ముట్టడం లేదమ్మా, పైగా పక్కపిల్లలను కొరుకుతున్నాడు" అనును. తల్లి చిన్నబోయి, "ఇంట్లో బాగానే తింటాడు టీచరమ్మా, ఇక్కడి అన్నమే వాడికి సయించడం లేదు" అనును. అంతటితో మాట ముగియును. ఇరువురును ఒకరిపై నొకరు నేరము మోపుకొని విడిపోయిరి; బిడ్డ మరునాడును తేనీరు త్రాగియే వచ్చును.

తేనీటియందలి టానిన్లు అన్నములోని ఇనుమును ఒంటబట్టనీయక చాలవరకు అడ్డుకొనును. చక్కెరయు మైదాయు గల బిస్కత్తు అప్పటి ఆకలిని చంపునే కాని బిడ్డను నిలుపదు. కావున వాని కోపమునకును, వాని పొట్టకును, ఉదయము వంటింటిలో జరిగినదానికిని సంబంధ మున్నది. ఈ సంబంధమును తల్లి యెరుగదు, ఏలయన బిడ్డ పదకొండు గంటలకు ఎట్లుండునో ఆమె చూడలేదు. టీచరు నెరుగదు, ఏలయన బిడ్డ ఏడు గంటలకు ఏమి తినెనో ఆమె చూడలేదు. ఒక్కొక్కరియొద్ద సగము కథ కలదు. "ఇవాళ పొద్దున బాబు ఏం తిన్నాడమ్మా?" అను నొక్క ప్రశ్న ఆ రెండు సగములను కలుపును. అందులో నింద లేదు. జవాబు చెప్పుచుండగనే తల్లికి సగము సంగతి బోధపడును. తక్కిన సగము ఒక గ్లాసెడు రాగిజావతోనో, రాత్రి అన్నములో కలిపిన పెరుగుతోనో సరిపోవచ్చును.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞురాలు షహనాజ్ వజీర్ గారును ఆమె సహచరులును నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 60 పల్లెలలో ఒక పరీక్ష గావించి దాని ఫలితములను 2013లో ప్రకటించిరి. పల్లెలను ఇరువదేసి చొప్పున మూడు తెగలుగా విభజించి, ఒక్కొక్క తెగలో 200 మంది తల్లులను వారి పసిబిడ్డలను చేర్చుకొనిరి. మొదటి తెగకు మామూలు అంగన్‌వాడీ సేవలు మాత్రమే. రెండవ తెగ తల్లులకు, శిక్షణపొందిన పల్లెటూరి స్త్రీలే ఇంటికి వచ్చి ఏమి పెట్టవలెనో చెప్పిరి. మూడవ తెగ తల్లులకు ఏమి పెట్టవలెనో చెప్పుటయేగాక ఎట్లు పెట్టవలెనో, అనగా బిడ్డ ఆకలి గుర్తులను కనిపెట్టి, బలవంతము చేయక, మాటలాడుచు ఆడించుచు తినిపించు విధమునుగూడ నేర్పిరి. ఏడాది గడచునప్పటికి ఈ రెండు తెగల బిడ్డలును మొదటి తెగవారికన్న మెరుగైన ఆహారము తినుచుండిరి. రెండవ తెగలో గిడసబారుట తగ్గెను. మూడవ తెగలో ఎత్తు విషయమున ఆ ఫలితము కనబడలేదుగాని, బుద్ధివికాసపు పరీక్షలో ఆ బిడ్డలు మొదటి తెగవారిని మించిరి. ఫలితము మనము కోరినంత నున్నగా లేదు. నిజమైన పరీక్షలు సాధారణముగ నట్లే యుండును. అయినను ఒక విషయము స్పష్టము. రెండు తెగలలోను ఇంటికి క్రొత్తగా వచ్చినది సరకు కాదు, మాట. ఆ మాట మారినకొలది ఫలమును మారినది.

ఇక పిల్లవాని నడవడి. మనవారికి ఒక దురభ్యాస మున్నది: బిడ్డకు పేరుపెట్టుట. "మొండివాడు", "మందకొడి", "తిండిపోతు" అని నాలుగేండ్ల వానికి బిరుదము తగిలింతుము. ఇంట నొక బిరుదము, కేంద్రమున మరియొకటి. రక్తహీనతగల బిడ్డ మూల కూర్చుండి యాటకు రాకున్నచో బుద్ధిమంతుడని మెచ్చుకొనుటయు మే మెరుగుదుము. ఇది మరింత ప్రమాదము. అట్లని ప్రతి అల్లరికిని ఆకలియే హేతువనుటయు సరికాదు. నిద్ర చాలకపోవచ్చును, చెవి సరిగా వినబడకపోవచ్చును, కడుపున నులిపురుగు లుండవచ్చును (ఇందులకే ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న మాత్రలు పంచుచున్నారు), తోబుట్టువు పుట్టి యుండవచ్చును. టీచరు వైద్యుడు కాదు. తాను చూచినదానిని చూచినట్లు చెప్పి, ఇంట నెట్లుండునని అడిగి, అవసరమైనచో ఆసుపత్రికి పంపుట ఆమె పని. తీర్పు చెప్పుట ఆమె పని కాదు.

అన్నము పెట్టునప్పుడు బిడ్డచేతికి సెల్‌ఫోను ఇచ్చు ఆచారము పట్టణములనుండి పల్లెలకును ప్రాకినది. బొమ్మను చూచుచు నోరు తెరచు బిడ్డకు కడుపు నిండినది లేనిది తెలియదు. చందమామను చూపి గోరుముద్దలు పెట్టిన నాయనమ్మ కూడ దృష్టి మరల్చినదే కదా యని యొక మిత్రుడు మాతో వాదించెను. కాని నాయనమ్మ బిడ్డ ముఖమును చూచుచుండెను, చాలునన్నప్పుడు ఆపెను.

నాయనమ్మ ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. కేంద్రములలో "తల్లుల సమావేశము" పగటిపూట జరుపుదురు. నాట్లకాలమున, పత్తితీతకాలమున తల్లి ఆ వేళ ఇంట నుండునా? బిడ్డకు తినిపించునది అవ్వ. పొట్లములు కొనితెచ్చునది తండ్రి. ఏది వండవలెనో నిర్ణయించునది అత్త. వచ్చినవారిలోను బరువు పట్టిక తీసి పదిమందిలో "మీ పాప ఎరుపులో ఉంది" అని చదివినచో, ఆ కోడలు మరునెల తూకమునకు బిడ్డను తీసికొనిరాదు. 1945లో తారాబాయి మోదక్ గారు బోర్డీ గ్రామమున శిశుశిక్షణ మారంభించినప్పుడు, పిల్లలు బడికి రాకున్నచో బడియే వారి వాకిటికి పోవలెనని తలచిరి. ఆంగన్ అనగా వాకిలి. అంగన్‌వాడీ అను పేరే ఆ తలంపును చెప్పుచున్నది. నేడు వాకిలి గోడలమధ్య బంధింపబడినది.

పట్టణవాసులగు మా పాఠకులు ఇది తమ గొడవ కాదనుకొందురేమో. ఫీజు చెల్లించి చేర్చిన శిశుపాఠశాలలలో డబ్బామూత తీసి చూడుడు: జాము పూసిన రొట్టె, తీపి పానీయము, రంగుల పొట్లము. అచ్చట ఉపాధ్యాయిని నోరు విప్పదు, ఏలయన తండ్రికి కోపము వచ్చినచో బిడ్డను మరియొక బడికి మార్చును. అంగన్‌వాడీలో తల్లి భయపడి మౌనము. ఇచ్చట టీచరు భయపడి మౌనము.

ఇంతకును ఆ మాటకు తీరిక యెక్కడిది? 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చినది. 2025 జూలై 1 మొదలుకొని ఇంటికి తీసికొనిపోవు ఆహారమునకు తల్లి ముఖమును ఫోనునకు చూపి గుర్తింపించుకొనవలెనను నిబంధన విధింపబడినది. దొంగలెక్కలను అరికట్టుట మంచిదే, మేము కాదనము. కాని నెలకొకసారి తల్లి గుమ్మమునకు వచ్చు ఆ పది నిమిషములను సంకేతము అందని ఫోను మ్రింగివేసినచో, మిగులునది పొట్లము మాత్రమే. ఆ పొట్లమును ఇంటిల్లిపాదియు పంచుకొందురు. బిడ్డ వంతు రెండు చెంచాలు. టీచరులకు ప్రభుత్వ మిచ్చునది జీతమనరాదట, గౌరవవేతన మనవలెనట. గ్రాట్యుటీ చట్టము వీరికి వర్తించునని 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను గ్రాట్యుటీకొరకు, వేతనముకొరకు 2023 డిసెంబరు 12 మొదలు 42 దినములు ఆంధ్రప్రదేశమున వారు సమ్మె చేయవలసివచ్చెను. మాటలాడుటకు నేర్పు కావలెను, నేర్పునకు శిక్షణ కావలెను, శిక్షణ పొందినవారు నిలిచి పనిచేయుటకు జీవనము కావలెను. ప్రభుత్వములు రిజిస్టరులను, ఫోనుపనిని సగమునకు తగ్గించి, సమావేశములను సాయంకాలమునకు మార్చి, తండ్రులను అవ్వలను పేరుపెట్టి పిలువవలెనని మా కోరిక.

భూవసతిగల పాఠకులను ఇంకొకటి అడిగెదము. నెలలో బిడ్డలను తూచు దినము ఏదో ఊరిలో అందరికిని తెలియును. ఆనాడు మీ చేలో కలుపు తీయుచున్న ఆడకూలీలలో చంటిబిడ్డల తల్లులు నలుగురో అయిదుగురో ఉందురు. వారిని గంటసేపు, కూలి తగ్గింపక, కేంద్రమునకు పంపుడు. పంపుటకు ముందు మీ యింటి మనుమని బరువునుగూడ అచ్చటనే తూయించి, ఆ టీచరు చెప్పునది మీరే కూర్చుండి వినుడు.