ముఖచిత్రాల ముద్రణలో కృత్రిమ మేధ: నియమాల కోసం వినతిపత్రం

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,
లలిత కళా అకాడమీ, న్యూఢిల్లీ.

విషయం: ముద్రణకళా ప్రదర్శనల్లో కృత్రిమ మేధ వాడకానికి నియమాలు రూపొందించవలసిందిగా విన్నపం.

ఆర్యా,

ఎచింగ్, వుడ్‌కట్, లినోకట్, లిథోగ్రఫీ పద్ధతుల్లో ముఖచిత్రాలు (పోర్ట్రెయిట్లు) చేసే తెలుగు ప్రింట్‌మేకర్లం మేము.

యంత్రమూ కొత్త పద్ధతులూ మాకు పరాయివి కావు. ప్రెస్ లేనిదే మా పని సాగదు. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లోని అతెలియే 17 ముద్రణ స్టూడియోలో, చిక్కదనం తేడాగల రంగులను ఒకే ప్లేటుపై ఎక్కించి ముద్రించే పద్ధతిని పెంపొందించారు. కనుక కృత్రిమ మేధను నిషేధించమని మేము కోరడం లేదు.

అయితే 2018 అక్టోబరులో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో కృత్రిమ మేధతో చేసిన 'ఎడ్మండ్ డి బెలామీ' ముఖచిత్రం 4,32,500 డాలర్లు పలికింది. సుమారు 15,000 పాత ముఖచిత్రాలతో శిక్షణ పొందిన ప్రోగ్రాం ఇచ్చిన బొమ్మను ఇంక్‌జెట్‌తో కాన్వాసుపై అచ్చువేశారు. సంతకం ఉండే చోట గణిత సూత్రం పెట్టారు. అందులో ఎవరి శ్రమ ఎంత అన్న వివాదం అప్పుడే లేచింది.

మా వృత్తిలో పని వివరాలు దాచం. ప్రింటు అడుగున పెన్సిల్‌తో 3/25 అని, అంటే పాతిక ప్రతుల ఎడిషన్‌లో మూడోదని, రాస్తాం. ఎడిషన్ పూర్తయ్యాక ప్లేటుపై గీత కొట్టి రద్దు చేస్తాం. కొత్త పనిముట్టుకూ ఇదే పద్ధతి వర్తించాలి. అందుకు మా కోర్కెలు:

1. బొమ్మ ఎలా పుట్టింది, ప్లేటు ఎవరు చెక్కారు, ప్రింటు ఎవరు తీశారు అన్న వివరాలు దరఖాస్తులోనూ ప్రదర్శన చీటీపైనా ఉండాలి. చూసేవారికీ కొనేవారికీ అది తెలుసుకునే హక్కుంది.

2. ప్రింటర్‌లో నేరుగా తీసినవాటికి వేరే విభాగం ఉండాలి. కృత్రిమ మేధ ఇచ్చిన బొమ్మనైనా చేత్తో చెక్కి ముద్రిస్తే దాన్ని చేతి ముద్రణల విభాగంలోనే చేర్చాలి. పోటీ ఒకే తరహా పనుల మధ్య జరగడం న్యాయం.

3. కళాకారుల లిఖితపూర్వక అనుమతి, తగిన పారితోషికం లేకుండా అకాడమీ సేకరణలోని ప్రింట్లను కృత్రిమ మేధ శిక్షణకు ఇవ్వరాదు. 1957 కాపీరైట్ చట్టం ఎచింగులనూ వుడ్‌కట్లనూ ఎన్‌గ్రేవింగుల కింద లెక్కించి రక్షిస్తోంది. ప్రింటు కొన్నంత మాత్రాన కాపీరైట్ సంక్రమించదు.

4. బతికున్న వ్యక్తి పోలికలతో కృత్రిమ మేధ చేసిన ముఖచిత్రానికి ఆ వ్యక్తి సమ్మతి చూపాలి. మా ఎదుట కూర్చునే మనిషి తెలిసే కూర్చుంటారు. ఫొటోల్లోంచి ముఖం తీసుకుంటే ఆ మనిషికి తెలిసే వీలుండదు.

5. ప్రాంతీయ కేంద్రాల్లో ప్రెస్ పనితో పాటు కృత్రిమ మేధ ప్రోగ్రాంల వాడకంలోనూ శిక్షణ ఇవ్వాలి. పనిముట్టు తెలిసినవారే దాని మంచిచెడులు తేల్చగలరు.

వచ్చే జాతీయ ప్రదర్శనకు దరఖాస్తులు పిలిచే ముందే నియమాల ముసాయిదా ప్రకటించి, మా ప్రతినిధులను చర్చకు ఆహ్వానించాలని కోరుతున్నాం. మా ప్రతిపాదనల్లో సవరించదగినవి ఉంటే ఆ చర్చలో సవరించుకోవడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల ప్రింట్‌మేకర్లు