రిటైరైతే చిరునామా గల్లంతు

గల్ఫ్‌లో ముప్పయ్యేళ్లు లెక్కలు రాసి మొన్ననే ఉద్యోగం మానేసిన మా చుట్టం ఒకాయన, థాయిలాండ్ రిటైర్మెంట్ వీసా షరతులు ఈ వారం వాట్సాప్‌లో పంపి, "కాస్త చదివి చెప్పరా" అన్నాడు. చదివాను. ఒళ్లు మండింది.

యాభై నిండాలట, సరే. బ్యాంకులో 8 లక్షల బాత్‌లు చూపించాలట. మన లెక్కలో 20 లక్షల పైమాటే, అవీ ఉన్నాయి. చిక్కల్లా దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్న దగ్గర. ఓ-ఏ అనే ఈ వీసాకు సొంత దేశంలోనో, నివాసముంటున్న దేశంలోనో పెట్టుకోవాలి. గల్ఫ్‌లో మనవాళ్లలో చాలామందికి నివాసమంటే ఉద్యోగమే. అది మానేస్తే రెసిడెన్సీ కార్డూ రద్దు. విశ్రాంత జీవులకని పెట్టిన వీసాకు విశ్రాంతే అడ్డమన్నమాట! ముప్పయ్యేళ్లు అద్దె కట్టిన ఊళ్లో ఆయనిప్పుడు పరదేశి. ఇండియాలోనేమో ఆయన పేర కరెంటు బిల్లు కూడా లేదు.

కాగితాల జాబితా ఇంకో వేడుక. పోలీసు సర్టిఫికెట్ సంగతి అలా ఉంచండి. కుష్ఠు, క్షయ, బోదకాలు, మత్తుమందుల అలవాటు, మూడో దశ సిఫిలిస్ లేవని డాక్టరు రాసివ్వాలి. నయం, బీపీ, షుగరు అడగలేదు. అడిగితే తెలుగువాడు ఒక్కడూ ఆ గడప తొక్కలేడు. 2019 అక్టోబరు 31 నుంచి ఆరోగ్య బీమా కూడా తప్పనిసరి చేశారు. ఇంతా చేసి, టూరిస్టు వీసా మీద దిగి, డబ్బు అక్కడి బ్యాంకులో వేసి, లోపలే రిటైర్మెంట్ వీసాకు మారే దారి ఒకటి తెరిచే ఉంచారు. మరి ముందు గుమ్మం దగ్గర ఈ హడావుడి ఎందుకో?

వాళ్ల దేశం, వాళ్ల ఇష్టం అంటారు. నిజమే. నా బాధ వేరే. డబ్బున్న తెలుగువాడు అరవయ్యేళ్లకు చియాంగ్ మాయ్ వైపు ఎందుకు చూస్తున్నాడు? కూతురు డాలస్‌లో ఉంటుంది. అక్కడికి విజిటర్ వీసా మీద వెళ్తే మామూలుగా ఆరు నెలలే ఉండనిస్తారు. అమెరికాకు రిటైర్మెంట్ వీసా అన్నదే లేదు. పోనీ ఇక్కడే ఉందామంటే, పొద్దున్నే నాలుగడుగులు వేయడానికి హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ ఏది? ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మరో, ఇడ్లీ బండో, ఎదురొచ్చే బైకో. విజయవాడా అంతే. ఈ మాట ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు, మళ్లీ రాస్తాను. ఫ్లైఓవర్లకు దొరికే కోట్లలో పిసరంత మోకాళ్ల నొప్పులవాళ్లకు విదిలిస్తే, వీళ్లలో సగంమంది ఊరు కదలరు.

గల్ఫ్‌లో ఉన్న యాభై దాటిన మిత్రులకు ఒక్క మాట. ఈ వీసా వయసు అడుగుతుంది, థాయిలాండ్‌లో పని చేయకూడదంటుంది, అంతే. మీరు ఇప్పటికే ఉద్యోగం మానేసి ఉండాలని ఎక్కడా లేదు. రాజీనామా కాగితం ఇవ్వకముందే, కార్డు చేతిలో ఉండగానే దరఖాస్తు పెట్టుకోండి.