‘ఓల్డ్ వైన్’ పాత మద్యము కాదు

ఎఱ్ఱమద్యపు సీసాపై ‘ఓల్డ్ వైన్’ అనియుండగా దానిని ‘పాత మద్యము’ అని తెనిగించుట సాహసమా, అజ్ఞానమా? ఆంగ్లమున తీగ వేరు, మద్యము వేరు. మన ‘వ’కారము రెంటి భేదమును మ్రింగినది. ఇచట ముదిసినది తీగ! ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో 1843లో నాటిన షిరాజ్ తీగలు నేటికీ కాయుచున్నవి. అచటివారు 2009లో చేసికొన్న కట్టుబాటు ప్రకారము 35 ఏండ్లు నిండిన తీగకే ‘ఓల్డ్’ బిరుదు. ముదితీగకు కాపు స్వల్పము, రసము చిక్కన. ఆసవమునకు పుష్టి అందువలననే. నిరుడు చేసినదైనను ఆ పేరునకు తగును. మా నస్రుల్లాబాదు వైపు బ్రాందీ, విస్కీ అమ్ము కొట్టుకు సైతము ‘వైన్స్’ అనియే బోర్డు, అది వేఱు గోడు. కవిత్వమున ద్రాక్షాపాకమును మెచ్చిన మనకు ‘ముదితీగ ద్రాక్షాసవము’ అనుటకు నోరు రాదా?