పాతచీరలు

పెట్టె మూత పడనప్పుడు గాని మనకు పాతచీరలు జ్ఞప్తికి రావు. అంతలో వీధిలో స్టీలుసామానులవాడు కేక వేయును; నాలుగు చీరలిచ్చి గిన్నె యొకటి పుచ్చుకొందుము. మేమును అట్లే చేయుచుంటిమి.

ఇటీవల మా యింట పసిబిడ్డకు పొత్తిగుడ్డలు కావలసి వెదుకగా, మెత్తని నూలుచీర యొక్కటియు దొరకలేదు. ఉన్నవన్నియు పాలియెస్టరువి, అవి తడిని పీల్చవు. మన యమ్మమ్మలు చిరిగిన నూలుచీరను పొత్తిగుడ్డలకును, బొంతకును వాడి, తుదకు మసిగుడ్డ చేసెడివారు. అదియు మట్టిలో కలిసిపోయెడిది. పాలియెస్టరు ఏండ్లు గడచినను చివుకదు.

పాతబట్టను మరల బట్టగా మార్చు విద్య లేకపోలేదు. హర్యానాలోని పానిపట్టున పాత ఉన్నిబట్టలను రంగులవారీగా వేఱుచేసి, చీల్చి, దారము వడికి కంబళ్లు నేయుచున్నారు. కాని ప్రత్తియు పాలియెస్టరును కలిసిన బట్టలో ఆ రెండింటిని విడదీయుట మిక్కిలి కష్టము.

కావున పొదుపు కొనునాడే మొదలగును. ఇంటనున్న పాలియెస్టరు చీరలు గట్టివి. వానితో కూరగాయల సంచులు కుట్టుకొనుడు. క్రొత్తచీర కొనునప్పుడు మాత్రము, ఇది చిరిగిన పిమ్మట దేనికి పనికివచ్చునని యొక్కమాఱు తలపోయుడు. బదులు తోచనిచో దానిని అంగడిలోనే విడిచి రండు. మేమును ఈ పండుగకు అట్లే చేయ నిశ్చయించితిమి.