బాలలైకా మోసిన పిల్ల

‘డాక్టర్ జివాగో’ చూసినవాళ్ళని కదిపితే చాలు, జూలీ క్రిస్టీ అందం గురించీ, ఒమర్ షరీఫ్ మీసాల గురించీ, మంచు పేరుకున్న ఆ ఇంటి గురించీ గంటసేపు చెబుతారు. సరే, ఆ చిత్రం మొదట్లోనూ చివర్లోనూ అలెక్ గిన్నెస్ ఎదుట బెదురు బెదురుగా కూర్చుని, ఇంతేసి కళ్ళతో చూసే అమ్మాయి ఎవరండీ అని అడగండి. “ఆఁ... ఎవరో చిన్న ఆర్టిస్టు” అనేస్తారు. మూడు గంటల పైచిలుకు కథని ఆయన ఆ అమ్మాయి ఎవరి కూతురో తేల్చడానికే చెబుతున్నాడన్న సంగతి కూడా చాలామందికి గుర్తుండదు!

ఆ ‘చిన్న ఆర్టిస్టు’ పేరు రీటా టషింగ్‌హామ్. 1965లో ‘జివాగో’ విడుదలయ్యేనాటికే ఆవిడ కేన్స్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి అందుకుని మూడేళ్ళు దాటింది.

ఈ మధ్య ఓ పదిహేను రోజులు పనిగట్టుకుని, దొరికిన ఆవిడ చిత్రాలన్నీ రాత్రిళ్ళు వరసగా వేసుకు చూశాను. కొన్ని చూస్తూ నిద్రపోయిన మాట కూడా నిజమే. ‘డైమండ్స్ ఫర్ బ్రేక్‌ఫాస్ట్’లో మాస్ట్రోయానీ అంతటివాడు ఉన్నా నన్ను మేలుకొలపలేకపోయాడు. కాని మొదటి చిత్రం మాత్రం, చూసిన రాత్రే మళ్ళీ మొదటినుంచీ వేసుకున్నాను.

ఆ మొదటి చిత్రం ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’ (1961). షీలా డిలేనీ అనే అమ్మాయి ఇరవై యేళ్ళు నిండకుండా రాసిన నాటకానికి తెరరూపం. దర్శకుడు టోనీ రిచర్డ్‌సన్ నాయిక పాత్రకి కొత్త ముఖం కావాలని వెతుకుతున్నాడు. రీటా అప్పటికి లివర్‌పూల్‌లో ఓ కిరాణా వర్తకుడి కూతురు. అక్కడి ప్లేహౌస్ నాటకశాలలో తెర వెనక పనులు చేస్తూ, అప్పుడప్పుడూ చిన్న వేషాలు వేస్తోంది. పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టింది. పాత్ర దొరికింది. వయసు పందొమ్మిదన్నా నిండలేదు.

కథ చెబితే ఏముంది? అద్దె ఎగ్గొట్టి గది గదికీ పారిపోయే తల్లి, ఆమె వెంట పెట్టెలు మోస్తూ తిరిగే స్కూలు పిల్ల జో. తల్లి కొత్త మొగుణ్ణి చూసుకుని తన దారిన తాను పోతుంది. జో ఓ నల్లజాతి నావికుణ్ణి ప్రేమిస్తుంది. అతని ఓడ వెళ్ళిపోతుంది, ఈ పిల్లకి నెల తప్పుతుంది. అప్పుడు ఆదరించేవాడు జెఫ్రీ అనే కుర్రాడు. అతనికి ఆడవాళ్ళమీద మనసు లేదు. ఇంగ్లండులో అలాంటి మగవాళ్ళని జైల్లో పెట్టే చట్టం 1967దాకా ఉంది. ఇది 1961 చిత్రమని మరిచిపోకండి. పెద్దలకు మాత్రమే అని ‘ఎక్స్’ సర్టిఫికెట్ ఇచ్చారు. ఇవ్వకేం చేస్తారు!

ఇంత సరుకు మన చేతిలో పెడితే ఏడుపులతో హాలు తడిసిపోయేది. ఇక్కడ ఏడుపు లేదు. తల్లిగా వేసిన డోరా బ్రయన్, కూతురుగా వేసిన రీటా ఒకరినొకరు దెప్పుకుంటూ ఉంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. వాల్టర్ లాసలీ ఛాయాగ్రహణంలో సాల్ఫర్డ్ కాలవలూ, పొగ గొట్టాలూ, వీధి పిల్లల పాటలూ అన్నీ నిజమైనవే. సెట్టింగుల జోలికి పోలేదు. ఇలాంటివాటికి ఆ రోజుల్లో ‘కిచెన్ సింక్’ చిత్రాలని పేరుండేది. అంటే అంట్లు తోమే చోటు కూడా తెరమీద కనబడే చిత్రాలన్నమాట!

ముగింపు ఘట్టం చెప్పకుండా ఉండలేను. నవంబరు 5, గై ఫాక్స్ పేర వాళ్ళు మన భోగిలాగా మంటలేసుకునే రాత్రి. తల్లి తిరిగొచ్చి చేరింది. జెఫ్రీ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. జో వీధిలోకొస్తే ఓ పిల్లాడు చేతికో కాకరపువ్వొత్తి ఇస్తాడు. అది వెలుగుతున్నంతసేపూ రీటా ముఖంకేసి చూడాలి మీరు. సంతోషమా, దిగులా, భయమా అని నేను రెండుసార్లు చూసీ తేల్చుకోలేదు. కేన్స్ న్యాయనిర్ణేతలు 1962లో బహుమతి ఇచ్చింది ఊరికే కాదు. ఆ యేడు ఉత్తమ నటి బహుమతి పంచుకున్నది ఎవరితోననుకున్నారు? కాథరిన్ హెప్‌బర్న్‌తో! జెఫ్రీగా వేసిన మర్రే మెల్విన్‌కీ ఉత్తమ నటుడి బహుమతిలో వాటా దక్కింది.

ఇక్కడొక మాట. ఆ రోజుల్లో ఆవిడ గురించి రాసినవాళ్ళంతా మొదట రాసింది ముక్కు గురించీ, కళ్ళ గురించీ, ‘అందగత్తె కాదు గానీ’ అని. ఈ ‘గానీ’ అన్న ముక్కే నాకు ఒళ్ళు మండిస్తుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నప్పుడు వినడం తెలిసిన నటి ఆవిడ. తన డైలాగు ఎప్పుడొస్తుందా అని కాచుక్కూచునే ముఖం కాదది. ‘గర్ల్ విత్ గ్రీన్ ఐస్’ (1964)లో పీటర్ ఫించ్ అంతటి తలపండిన నటుడి పక్కన కూర్చుని, పల్లెటూరినుంచి డబ్లిన్ వచ్చిన అమాయకురాలు, తనకంటే ఎంతో పెద్దవాడైన రచయిత మాటల్ని ఎలా మింగేస్తుందో చూడండి. ఎడ్నా ఓబ్రయన్ నవల అది; ఐర్లండులో నిషేధించారు. (అన్నట్టు, పేరులో ఆకుపచ్చ కళ్ళు, చిత్రమేమో నలుపు తెలుపు! ఆ రంగు మనం ఊహించుకోవాల్సిందే.)

‘ది నాక్’ (1965) సంగతి వేరు. రిచర్డ్ లెస్టర్ తీశాడు, ఆ యేటి కేన్స్ అగ్ర బహుమతి దానికే వచ్చింది. లండన్ వీధుల్లో చక్రాల మంచాన్ని తోసుకుంటూ పోయే దృశ్యం ఈనాటికీ పసందుగా ఉంటుంది. కాని రెండో సగంలో బలాత్కారమన్న మాటని వేళాకోళంగా వాడుకున్న తీరు నాకు మింగుడుపడలేదు. కాలం మారింది కనక అని సర్దిచెప్పుకోమంటారా? నేను సర్దిచెప్పుకోదలచలేదు. అంత రొదలోనూ మనిషిలా కనిపించేది రీటా ఒక్కర్తే.

నా మటుకు నాకు ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’ తర్వాత స్థానం ‘ది ట్రాప్’ (1966)ది. కెనడా అడవుల్లో ఆలివర్ రీడ్ వేటగాడు, ఆవిడ అతను డబ్బిచ్చి తెచ్చుకున్న మూగ పిల్ల. చిత్రం మొత్తంమీద ఆవిడకి ఒక్క మాట లేదు. అతని కాలు ఉచ్చులో పడి కుళ్ళిపోతే, ఆ చేతుల్తోనే గొడ్డలెత్తి నరకాల్సొస్తుంది. ఆ క్షణంలో మాటలున్న ఏ నటి అయినా ఏం చేసేదో నాకు తెలీదు. ఈవిడ చేసింది చూసి నేను తెర ఆపేసి మంచినీళ్ళు తాగాను.

తర్వాతేమైంది? లండన్ రంగుల్లోకి మారింది. కార్నబీ వీధీ, పొట్టి గౌన్లూ, ఫొటోలకి నిలబడే ముఖాలూ వచ్చాయి. ఆ మోజుని వెక్కిరిస్తూ లిన్ రెడ్‌గ్రేవ్‌తో కలిసి ‘స్మాషింగ్ టైమ్’ (1967) చేసింది. మీద కూరలూ రంగులూ పోయించుకుని నవ్వించింది. కాని వెక్కిరించిన ఫాషనే గెలిచింది. గొట్టాల పొగలో పుట్టిన నటికి ఆ వెలుగులో చోటు చిక్కలేదు. వేషాలు మానలేదు, పెద్ద వేషాలు మాత్రం తగ్గాయి.

మన దేశంతో ఆవిడకో చుట్టరికం ఉంది. ఇస్మాయిల్ మర్చంట్, జేమ్స్ ఐవరీల ‘ది గురు’ (1969)లో శాంతి వెతుక్కుంటూ వచ్చిన జెన్నీ ఆవిడే. సితారు నేర్చుకోవడానికొచ్చిన పాప్ గాయకుడు మైకేల్ యార్క్, ఉస్తాదుగా ఉత్పల్ దత్, తెర వెనక సంగీతం సాక్షాత్తూ విలాయత్ ఖాన్. జార్జ్ హారిసన్ రవిశంకర్ దగ్గర శిష్యరికం చేసిన వేడి చల్లారకముందే తీసిన కథ. చిత్రం నడక నత్తనడకే. ఉత్పల్ దత్ తెరమీదికొస్తే మిగతావాళ్ళు కనబడరు కూడాను. అయినా ఆయన ఎదుట బిక్కమొహంతో కూర్చున్న జెన్నీని చూస్తే, ‘జివాగో’లో గిన్నెస్ ఎదుట కూర్చున్న పిల్లే మళ్ళీ గుర్తొచ్చింది నాకు.

2021లో ఎడ్గర్ రైట్ ‘లాస్ట్ నైట్ ఇన్ సోహో’ తీస్తూ, అరవైల నాటి లండన్ పిచ్చితో పల్లెనుంచి బయల్దేరే మనవరాలికి జాగ్రత్తలు చెప్పే అమ్మమ్మ వేషం రీటాకిచ్చాడు. ‘స్మాషింగ్ టైమ్’లో ఉత్తరాదినుంచి రైలెక్కి అదే లండన్‌కి వచ్చిన పిల్లని ఎరిగినవాళ్ళకి ఆ జాగ్రత్తలు ఇంకోలా వినిపిస్తాయి.

ముందు ఏది చూడమంటారంటే, ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’. క్రైటీరియన్ సంస్థ 2016లో శుభ్రం చేసిన ప్రతితో డిస్కు విడుదల చేసింది. తర్వాత ‘ది ట్రాప్’. ఆ రెండూ అయ్యాక ‘జివాగో’ మరోసారి వేసుకుని, ఆ అమ్మాయి బాలలైకా వీపున వేసుకుని ఆనకట్ట మీదుగా నడిచిపోయేదాకా కుర్చీలోంచి లేవకండి.